స్వీట్ డబ్బా మీద పుర్రె బొమ్మ

దీపావళికి ఊరెళ్లి తిరిగి హాంబర్గ్ వచ్చేటప్పుడు అమ్మ రెండు డబ్బాల పూతరేకులు కట్టిచ్చింది. ఒకటి నాకు, ఒకటి ఆఫీసుకి. సోమవారం పొద్దున్నే ఆఫీసు డబ్బాని ప్యాంట్రీ టేబుల్ మీద పెట్టి, పైన పసుపు రంగు స్టిక్కీ నోట్ ఒకటి అంటించా. దాని మీద ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ఒక్కటే మాట రాశా. గిఫ్ట్.

పదకొండింటికి కాఫీకని వెళ్తే డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క రేకు కూడా తగ్గలేదు. నోట్ మీద మాత్రం, నా రాత పక్కన, ఎవరో పెన్నుతో చక్కగా ఒక పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు గీసి పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ పంపిన స్వీటు మీద ఈ వెటకారమేంటి? ముఖం మాడ్చుకుని సీట్లోకి వచ్చి కూర్చుంటే, పక్కనున్న జర్మన్ కొలీగ్ నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పాడు. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. ఎలుకల మందు డబ్బా మీద 'రాట్టెన్‌గిఫ్ట్' అని ఉంటుంది. అంటే ఎలుకల విషం. పొరపాటున ఏదైనా విషం మింగితే ఫోన్ చెయ్యడానికి ఇక్కడ ఉండే ఎమర్జెన్సీ లైన్ పేరు 'గిఫ్ట్‌నోట్‌రూఫ్'. మనం ఇచ్చే బహుమతికి వాళ్ల మాట వేరు, 'గెషెంక్'.

"ఇంగ్లిష్‌లో దాని అర్థం మాకు తెలుసులే. కానీ చూడు, అచ్చం కాగితంలా ఉన్న వస్తువు, ఎవరు పెట్టారో తెలీదు, పైన విషం అని రాసుంది. నువ్వైతే తింటావా?" అన్నాడు.

నేనే వెళ్లి నోట్ పీకేసి, అందరి ముందూ ఒకటి తిని చూపించా. పావుగంటలో డబ్బా ఖాళీ.

లంచ్ టేబుల్ దగ్గర మళ్లీ ఇదే టాపిక్. మా టీమ్‌లో ఒకావిడ స్వీడన్ నుంచి వచ్చింది. "మీదేం గొప్ప, మాది ఇంకా ఘోరం" అంటూ చేతికున్న ఉంగరం చూపించింది. స్వీడిష్‌లో కూడా రాయడానికి అదే మాట, పలకడం మాత్రం 'యిఫ్ట్'. దానికి విషం అనే అర్థమూ ఉంది, పెళ్లయింది అనే అర్థమూ ఉంది. "నేను ఆరేళ్లుగా గిఫ్ట్. ఏ అర్థంలోనో మా ఆయన్ని అడగాలి" అంది. డెన్మార్క్, నార్వేల్లోనూ ఇదే కథట. నెదర్లాండ్స్ కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల భాషలో విషం 'గిఫ్', కానుక 'గిఫ్ట్'. చివర్లో ఒక్క అక్షరం ఉంటే కానుక, లేకపోతే విషం. స్పెల్లింగ్ మిస్టేక్ పడితే మనిషి ప్రాణానికే వచ్చేలా ఉంది!

ఇలాంటి మాటలు యూరప్‌లో అడుగడుక్కీ తగులుతుంటాయి. జర్మనీలో తలుపు మీద ఇంగ్లిష్ 'బ్యాడ్' స్పెల్లింగ్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది స్నానాల గది. ఇటలీలో 'బుర్రో' అడిగితే వెన్న ఇస్తారు, స్పెయిన్‌లో అదే మాటకి గాడిద అని అర్థం. అయితే వీటిలో చాలావరకు కాకతాళీయం. ఇటలీ బుర్రో వెన్నకి ఉన్న లాటిన్ పేరు నుంచి వచ్చింది, స్పెయిన్ బుర్రో గుర్రానికి ఉన్న ఇంకో లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండూ అరిగి అరిగి ఒకేలా తయారయ్యాయి, అంతే. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లాగా.

గిఫ్ట్ కూడా అంతేనేమో అనుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టక వెతికితే తెలిసింది, అంతే కాదని. ఇంగ్లిష్ గిఫ్టూ, జర్మన్ గిఫ్టూ, స్వీడిష్ గిఫ్టూ ఒకే తల్లి పిల్లలు. మూల అర్థం 'ఇచ్చింది'. ఇంగ్లిష్‌లో ఇవ్వడానికి 'గివ్', జర్మన్‌లో 'గేబెన్'. ఆ కుటుంబమే ఇది.

మరి ఇవ్వడంలోకి విషం ఎలా వచ్చింది? దీని వెనక పాత వైద్యుల భాష ఉంది. గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం. వైద్యుడు రోగికి ఒకసారి ఇచ్చే మందుని అలా అనేవాళ్లు. మనం రోజూ వాడే 'డోసు' ఆ మాటే. లాటిన్ ద్వారా అది యూరప్ అంతా పాకింది. జర్మన్లు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నప్పుడు, ఇవ్వడం అనే అర్థమున్న తమ సొంత మాటనే వాడుకున్నారు. గిఫ్ట్. మెల్లగా అది ప్రాణం తీసే డోసుకి మర్యాదైన పేరయింది. విషం అని నోటితో అనడం ఇష్టం లేక 'ఇచ్చింది' అనడం మొదలెట్టారు. కొన్ని వందల ఏళ్లలో మర్యాద కాస్తా ఎగిరిపోయి, విషం ఒక్కటే మిగిలింది.

ఇది చదువుతుంటే నవ్వొచ్చింది. మనకిది కొత్తా? ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటాం. ఇక మందు సంగతి వేరే చెప్పాలా! మా నాన్నకి తెనాలిలో పురుగు మందుల షాపుంది. చిన్నప్పటి నుంచీ నేను విన్న మాటే అది. జ్వరానికి మందు, చేనుకి మందు, సాయంత్రమైతే కొందరికి ఇంకో మందు, తుపాకిలో మందు. ఒక్క మాటే ప్రాణం పోస్తుంది, ప్రాణం తీస్తుంది, మధ్యలో పాటలు కూడా పాడిస్తుంది. ఏ మందో తెలియాలంటే ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూడాలి.

స్వీడన్ వాళ్ల పెళ్లి కూడా ఇవ్వడంలోంచే వచ్చింది. పూర్వం అమ్మాయిని ఇచ్చేవాళ్లు. ఇవ్వబడిన అమ్మాయి గిఫ్ట్. తర్వాత్తర్వాత ఆ మాట మగవాళ్లకీ వర్తించింది. ఇదీ మనకి కొత్త కాదు. 'మా పెద్దమ్మాయిని ఏలూరు ఇచ్చాం' అంటాం. 'పిల్లనిచ్చిన మామ' అంటాం. కన్యాదానం అనే మాటలోనే దానం ఉంది. అబ్బాయిని ఫలానా ఊరు ఇచ్చాం అని ఎవరూ అనరు, ఇల్లరికం వెళ్తే తప్ప.

పాత ఇంగ్లిష్‌లో అయితే గిఫ్ట్ అంటే పెళ్లికూతురి కోసం పెళ్లికొడుకు చెల్లించే సొమ్ము. మన ఓలి లాంటిదన్నమాట. గురజాడ 1897లో అచ్చు వేయించిన 'కన్యాశుల్కం' పేరులో ఉన్న శుల్కం కూడా ఈ కోవదే. డబ్బు అటు నుంచి ఇటు వచ్చే రోజులవి.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఆఖర్న ఇంకో మాట తగిలింది. జర్మన్‌లో గిఫ్ట్ అనే మాట పాత అర్థంతో, అంటే ఇచ్చింది అనే అర్థంతో, ఒక్క చోట మాత్రం గట్టిగా నిలబడిపోయింది. 'మిట్‌గిఫ్ట్'. మిట్ అంటే తోడు. అమ్మాయికి తోడుగా పంపేది. కట్నం.

ఫోన్ పక్కన పెట్టేశా. ఎందుకంటే గిఫ్ట్ అనే మాట మా ఇంట్లో సరిగ్గా మూడు వారాల కిందట, దీపావళి మర్నాడు, పెళ్లిచూపుల్లో వినపడింది.

అమ్మాయిది ఏలూరు. హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. వాళ్ల నాన్నగారు రిటైరైన టీచరు. కాఫీలు అయ్యాక ఆయన గొంతు సవరించుకుని "మరి మీ ఉద్దేశం..." అని ఆగారు. మా నాన్న చెయ్యి అడ్డంగా ఊపి, "కట్నం గిట్నం మాటెత్తొద్దు మాస్టారూ. మాకా అలవాటు లేదు. మీ అమ్మాయికి మీరేం గిఫ్ట్ ఇచ్చుకుంటారో అది మీ ఇష్టం" అన్నారు. నేను జీడిపప్పు నములుతూ, మా నాన్న ఎంత మంచోడో అనుకున్నా. నిజంగానే అనుకున్నా.

పూతరేకుల సంగతి జరిగిన రెండు రోజులకి ఆ అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడుతున్నా. ఇంకా 'మీరు' స్టేజీలోనే ఉన్నాం. ఇంప్రెస్ చేద్దామని పుర్రె బొమ్మ కథంతా చెప్పా. స్వీడన్ ఆవిడ ఉంగరం దగ్గర పగలబడి నవ్వింది. మిట్‌గిఫ్ట్ గురించి చెప్పాలా వద్దా అని నేను నసుగుతుంటే, తనే నవ్వాపి అడిగింది.

"మరి మీ నాన్నగారు అన్న గిఫ్ట్ ఏ భాషదండీ?"

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ముఖం పెట్టానేమో కూడా. అప్పుడు చెప్పింది. మేం వచ్చిన మర్నాడే మధ్యవర్తి వాళ్లింటికి ఫోన్ చేశాడట. 'వాళ్లు నోరు తెరిచి అడగరు, పెద్దమనుషులు. కానీ ఫారిన్‌లో ఉన్న కుర్రాడికి ఇప్పుడు ముప్ఫై లక్షలు, ఓ కారు నడుస్తోంది, మీరే చూసి చెయ్యండి' అన్నాడట. వాళ్ల నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులతో కొనుక్కున్న రెండొందల గజాల స్థలం అమ్మకానికి పెట్టారట.

"మీకు తెలీదా?" అంది.

తెలీదనే చెప్పా. అది నిజమే. కానీ తెలుసుకోవాలని నేను ఎప్పుడూ అడగలేదన్నది కూడా నిజం. నాలుగేళ్ల కిందట అక్క పెళ్లికి వాళ్ల అత్తగారి వైపు నుంచి అచ్చం ఇదే డైలాగ్ వచ్చింది. మాకేం వద్దు, మీ అమ్మాయికి మీ ఇష్టం. రెండు రోజులకి మధ్యవర్తి వాట్సాప్‌లో కారు మోడలు, రంగు వచ్చాయి. నాన్న ఎకరం పొలం అమ్మి, షాపు మీద లోను తీసుకున్నారు. ఆ లోను ఈఎంఐ మూడేళ్లు నేనే కట్టా. ఆ 'ఇష్టం' ఎంత ఖరీదో నాకు తెలియకపోవడమేంటి?

ఆదివారం నాన్నకి ఫోన్ చేశా. షాపులో ఒక్కరే ఉన్నారు.

"నాన్నా, మధ్యవర్తితో వాళ్లకి ఏం చెప్పించావు?"

"నేనేం చెప్పించలేదే. అతనే ఏదో అని ఉంటాడు."

"ముప్ఫై లక్షలు, కారు అన్నాడంట."

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "అక్క పెళ్లికి మనం ఇచ్చినప్పుడు ఎవరూ వద్దనలేదు కదరా" అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్న చెడ్డవాడు కాదు. షాపులో ఖాతా పుస్తకం రాసే మనిషి. రైతు మందు అరువుకి పట్టుకెళ్తాడు, పంట చేతికొచ్చాక కడతాడు. ఒక పేజీలో ఇచ్చింది, ఎదురు పేజీలో వచ్చింది. అక్క పెళ్లి ఇచ్చింది, నా పెళ్లి వచ్చింది. ఆయన లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. కాకపోతే అప్పు పట్టుకెళ్లింది ఒకరు, వసూలు చేస్తున్నది ఇంకెక్కడో ఏలూరులో ఉన్న మాస్టారి దగ్గర.

ఇదే మాట ఆయనతో అన్నా. ఆయన వినలేదు. "ఎవరు తీసుకోవట్లేదో చెప్పు. మనం అడగట్లేదు కదా, వాళ్లమ్మాయికి వాళ్లే గిఫ్ట్ ఇచ్చుకుంటున్నారు" అన్నారు. అప్పుడు ఆఫీసులో జరిగింది చెప్పా. నోటు, పుర్రె, జర్మన్ అర్థం అన్నీ. విని ఏమీ అనలేదు. ఆయన వెనక షెల్ఫుల్లో పురుగు మందు డబ్బాలు వీడియోలో కనిపిస్తున్నాయి. మన దగ్గర వాటి మీద డైమండ్ ఆకారంలో గుర్తుంటుంది. కింద సగంలో రంగు. అన్నిటికంటే ప్రమాదమైనదానికి ఎరుపు, దాంతోపాటు పుర్రె బొమ్మ. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

"ఇక్కడా బొమ్మ ఉంటదిరా" అన్నారు చివరికి. "ఎవడూ చూడడు. పెద్దదివ్వండి, చిన్నదివ్వండి అంటారంతే." ఫోన్ పెట్టేశారు. తర్వాత రెండు వారాలు అమ్మ ద్వారానే మాటలు.

ఈ రెండు వారాల్లో మన చట్టం ఏమంటుందో కూడా చదివా. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. అయితే పెళ్లప్పుడు ఎవరూ అడగకుండా ఇచ్చే కానుకలకి అందులో మినహాయింపు ఉంది. చట్టం రాసినవాళ్లూ ఈ మాట దగ్గరే ఆగి ఆలోచించారన్నమాట. కానుక ఎక్కడ ఆగుతుంది, కట్నం ఎక్కడ మొదలవుతుంది? అడగడం దగ్గర, అని వాళ్లు గీత గీశారు. గీత బాగానే ఉంది. మా నాన్న, అక్క మామగారు, మధ్యవర్తి, ఇంకా మన ఊళ్లలో సగంమంది ఆ గీతకి ఇవతలే నిలబడి, నోరు తెరిచి అడగకుండానే అడగడం నేర్చుకున్నారు. మన భాష 'కట్నకానుకలు' అని ఆ రెంటినీ ఎప్పుడో కలిపేసింది కూడా.

అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పా. ఒరేయ్ మంచి పని చేశావురా అంటుందనుకున్నా. అంతా విని, "నా పెళ్లప్పుడే నువ్వు ఈ జర్మన్ నేర్చుకుని ఉంటే బాగుండేదిరా" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, కొత్తగా ఉద్యోగం. కారు ఏ రంగు బావుంటుందో సెలెక్ట్ చేసింది నేనే.

ఆ తర్వాత ధైర్యం చేసి ఏలూరుకి నేనే ఫోన్ చేశా. "అంకుల్, ఆ స్థలం అమ్మొద్దు. మధ్యవర్తి చెప్పింది మర్చిపోండి. మాకేం వద్దు."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. తర్వాత చాలా జాగ్రత్తగా, "బాబూ, ఏమీ అనుకోకు. ఆరోగ్యం అదీ బానే ఉంది కదా?" అన్నారు.

ఊహించని ప్రశ్న. వద్దన్నవాడికి ఏదో లోపం ఉండి ఉంటుందని ఆయన భయం. మా వాళ్లూ నిన్నటిదాకా 'వద్దు' అనే చెప్పారు కదా, ఆయన నా 'వద్దు'ని ఎలా నమ్మాలి? మా ఇంటి తరఫున ఆ మాటకి విలువ పోయింది. నేను ఎన్ని రకాలుగా చెప్పినా ఆయనకి అర్థం కాలేదు. చివరికి అమ్మాయే ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మీ నాన్నగారితో మీరు మాట్లాడారు కదా. మా నాన్నతో నేను మాట్లాడుకుంటా" అంది.

మాట్లాడింది. స్థలం అమ్మలేదు. మా నాన్న కూడా ఒకరోజు పొద్దున్నే తనంతట తనే ఫోన్ చేసి, "మధ్యవర్తికి చెప్పేశా, ఇంక వాళ్లకి ఫోన్ చెయ్యడు" అన్నారు. మారిపోయానని అనలేదు. సంతోషంగా కూడా లేరు. "ఏం తిన్నావు?" అని అడిగారు. మా మధ్య అది రాజీ.

పెళ్లి మార్చిలో. చట్టం కింద 1985లో వచ్చిన రూల్స్ ప్రకారం వచ్చిన కానుకలన్నిటికీ పెళ్లికూతురొక జాబితా, పెళ్లికొడుకొక జాబితా రాసి ఉంచాలి. వస్తువు ఏంటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్లు మనకేమవుతారు. మా ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే కాబట్టి గూగుల్ షీట్‌లో రెండు ట్యాబులు పెట్టాం, తర్వాత ప్రింట్ తీసి సంతకాలు పెడదామని. ఆ అమ్మాయి చివర్లో ఒక కాలమ్ ఎక్కువ కలిపింది. దాని పేరు 'ఎవరైనా అడిగారా?'

షీట్‌లో ఇప్పటికి ఒక్క వరసే నిండింది. ఇత్తడి బిందె. సుమారు మూడు వేలు. ఇచ్చింది మా అక్క. ఆఖరి కాలమ్‌లో 'లేదు' అని ఉంది.